గట్టు లేని ట్రాక్

పెళ్ళయిన కొత్తలో చంద్రరావు భార్యకి స్కూటరు నడపడం నేర్పాడు. వారం రోజుల్లో వచ్చేసింది. సూర్యకళ ఆయనకి ట్రాక్ లెక్క నేర్పాలని ఇరవై రెండేళ్ళుగా చూస్తోంది. రాలేదు. రాకపోయినా ఆయనకేమీ లోటు జరగలేదు కాబట్టి నేర్చుకోవలసిన అవసరమూ ఆయనకి కనిపించలేదు.

ఇద్దరూ వ్యాయామ ఉపాధ్యాయులే. ట్రైనింగ్ కాలేజీలో ఒకే బ్యాచ్. ఆయనది వాలీబాల్, ఆవిడది పరుగు. ధవళేశ్వరంలో ఇల్లు. పొద్దున్నే దోసెలో, ఉప్మావో తిని, ఆయన రాజమండ్రిలో తన హైస్కూలుకీ, ఆవిడ బ్యారేజీ దాటి గోదావరిలో ఒక లంక ఊరి హైస్కూలుకీ చెరో బండి మీద బయల్దేరతారు. పెనం వేడెక్కక అతుక్కున్న మొదటి దోసె, ఫోను మోగితే మాడిపోయిన దోసె ఆవిడ కంచంలోకి వెళ్తాయి. అది ఎవరో పెట్టిన రూలు కాదు. అలా జరుగుతూ వచ్చింది, అంతే.

ట్రాక్ సంగతీ అలాగే జరుగుతూ వచ్చింది.

ఖాళీ మైదానంలో పరుగు పందేలకి గీతలు గియ్యడం చూసేవాళ్ళకి చిన్న పనే. మేకు కొట్టి, తాడు లాగి, సున్నం పోసుకుంటూ పోవడం. కానీ వంపులు తిరిగేటప్పుడు లోపలి లేన్ పిల్లకి దూరం తక్కువ పడుతుంది, బయటి లేన్ పిల్లకి ఎక్కువ పడుతుంది. అందుకని నాలుగు వందల మీటర్ల పరుగులో బయటి వాళ్ళని లేన్‌కి ఇంత చొప్పున ముందుకి జరిపి నిలబెడతారు. ఎంత జరపాలన్నదే స్టాగర్ లెక్క. అందులో జానెడు తేడా వస్తే ఒక పిల్ల ఏడాది కష్టం సున్నంలో కలిసిపోతుంది. జిల్లాలో రెండు వందల మంది వ్యాయామ ఉపాధ్యాయులుంటే, ఆ లెక్క పుస్తకం చూడకుండా మొదటినుంచి కట్టగలిగింది సూర్యకళ ఒక్కతే.

మొదటిసారి చంద్రరావుకి జిల్లా క్రీడల సంఘంలో ట్రాక్ బాధ్యత అప్పగించినప్పుడు పాప చంకలో ఉంది. ఆవిడ ఇంట్లోనే లెక్క కట్టి చీటీ రాసి ఆయన చొక్కా జేబులో పెట్టింది. మరుసటేడు చీటీ ఆయనకి అర్థం కాక ఆవిడే గ్రౌండుకి వెళ్ళింది. అప్పట్నించీ పోటీలకి ముందురోజు మధ్యాహ్నం ఆవిడ వెళ్ళడం, చీర కుచ్చిళ్ళు దోపుకుని తాడు పట్టుకోవడం, టేపు రెండో కొస పట్టుకుని ఆయన ఫోన్లు మాట్లాడుకోవడం. పోటీల రోజు ఆయన తెల్ల టోపీ పెట్టుకుని ట్రాక్ మధ్యలో, ఆవిడ భోజనం టోకెన్ల బల్ల దగ్గర. జిల్లాలో అందరూ ఆయన్ని ట్రాక్ మాస్టారనే పిలుస్తారు. ఆ పేరు మీదే జిల్లా సంఘం కార్యదర్శి కూడా అయ్యాడు.

"ఇంట్లో ఎవరి పేరైతే ఏంటి కళా" అనేవాడు ఆయన. మొదట్లో ఆవిడకీ అది ప్రేమగా మాట్లాడే మాటలాగే వినిపించేది.

ఆ ఏడు రాష్ట్రస్థాయి స్కూలు అథ్లెటిక్స్ పోటీలు రాజమండ్రికి వచ్చాయి. జిల్లా సంఘానికి అదే మొదటిసారి. రెండేళ్ళ క్రితం సూర్యకళ అథ్లెటిక్స్ అఫీషియల్స్ పరీక్ష రాసి పాసయింది. జిల్లాలో పాసయిన నలుగురిలో ఆడమనిషి ఆవిడే. చంద్రరావు రాయలేదు, ఖాళీ లేదన్నాడు. అందుకని వేసవిలోనే అడిగింది.

"ఈసారి ట్రాక్ రిఫరీగా నా పేరు వేయించండి."

"వేయించకపోతే ఎలా. నువ్వు తప్ప ఇంకెవరున్నారు?" అన్నాడు.

ఆవిడ నమ్మింది. టెక్నికల్ అఫీషియల్స్‌కి నీలం రంగు బ్లేజర్లు కుట్టిస్తారు, జేబు మీద బ్యాడ్జీ ఉంటుంది. యాభై రెండేళ్ళ మనిషికి కోటు మీద మోజేంటని తనలో తనే నవ్వుకుంది కూడా. అయినా బీరువా అద్దం ముందు ఒకసారి భుజాలు వెనక్కి పెట్టి నిలబడి చూసుకుంది.

సెప్టెంబరు ఆఖరి ఆదివారం సంఘం సమావేశానికి దర్జీ వచ్చాడు. వరసగా మగవాళ్ళ భుజాలు, చేతులు కొలుస్తూ సూర్యకళ వంతు వచ్చేసరికి టేపు మెడలో వేసుకుని ఆగిపోయాడు.

"మేడం గార్లకి కోట్లు లేవండి. చీరలన్నారు."

సంఘం అధ్యక్షుడు పల్లంరాజు గారు అటునుంచి అందుకున్నారు. "ఆ ఎండలో కోటేంటమ్మా, ఉడికిపోతారు. మేమంటే తప్పక వేసుకుంటున్నాం. మీకు మంచి వెంకటగిరి చీరలు చెప్పాం, ఆనందం రంగు అంచు."

సూర్యకళ పక్కన కూర్చున్న తబిత చిన్నది, ఉద్యోగంలోకి వచ్చి ఆరేళ్ళు. ఈసారి జిల్లా బాలికల జట్టుకి మేనేజరు. "మేం ఉడికిపోకూడదని వీళ్ళ తాపత్రయం చూడండి మేడం" అంది వినపడేలాగే. "వంటింట్లోకి ఏసీ కూడా శాంక్షన్ చేయిస్తారేమో అడుగుదామా?"

నలుగురు నవ్వారు. పల్లంరాజు గారూ నవ్వారు. ఆయనకి తబిత మాటలు విని నవ్వడం అలవాటే, చేసేది మాత్రం తను అనుకున్నదే.

జాబితా కాగితం చేతికొచ్చింది. ట్రాక్ రిఫరీ, ట్రాక్ మార్కింగ్: శ్రీ చంద్రరావు. ఆహ్వాన సంఘం కన్వీనర్: శ్రీమతి సూర్యకళ.

ఇంటికొచ్చాక బండి స్టాండు వేస్తూనే అడిగింది. "ట్రాక్‌లో నా పేరు రాయిస్తానన్నారు కదండి."

"రాద్దామనే అనుకున్నాను. ట్రాక్‌లో ఒకే ఇంట్లోంచి ఇద్దరేంటన్నారు పల్లంరాజు గారు. నువ్వు కన్వీనర్‌వి, మామూలు మెంబరు కాదు కదా."

"అయితే మీ పేరు తీసేసి నాది రాయండి. ఇంట్లో ఎవరి పేరైతే ఏంటి?"

ఆయన గట్టిగా నవ్వాడు. ఆవిడ సరదాగా అన్నదనే అనుకున్నాడు. ఆవిడ నవ్వకపోవడం చూశాక హెల్మెట్ తీసి చేతిలో తిప్పుతూ, "అలా పంతాలకి పోతే ఎలాగోయ్. ముందురోజు వచ్చి ట్రాక్ వేస్తావుగా?" అన్నాడు.

"ఆహ్వాన సంఘం వాళ్ళు వచ్చినవాళ్ళని ఆహ్వానిస్తారండి. ట్రాక్, ట్రాక్ వాళ్ళు వేసుకుంటారు."

ఆయనకి కోపం వచ్చింది. ఆయన కోపమంటే అరవడం కాదు, అడగడం మానెయ్యడం. నెల్లాళ్ళపాటు ఇంట్లో ట్రాక్ మాట ఎత్తలేదు. ఆవిడ లెక్కల పుస్తకం టీవీ కింద అరలో ఉంటుందని ఆయనకి తెలుసు. చెయ్యి చాపి తీసుకోలేదు. ఆవిడా తీసి ఇవ్వలేదు.

పోటీలు రెండు రోజుల్లో ఉన్నాయనగా సాయంత్రం ఆవిడ పాలు కాస్తోంది. వరండాలో ఆయన ఎవరితోనో ఫోనులో చెబుతున్నాడు. "రెండో లేన్‌కి ఏడు సున్నా నాలుగు. అక్కణ్ణించి లేన్‌కి ఏడు అరవై ఏడు కలుపుకుంటూ పోవడమే. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

సూర్యకళ చెయ్యి గరిటె మీద ఆగింది.

ఏడు మీటర్ల నాలుగు సెంటీమీటర్లు. ట్రైనింగ్ కాలేజీలో అందరూ బట్టీ పట్టే అంకె. తప్పు కాదు, కానీ లోపలి అంచున ఇటుకలతోనో సిమెంటుతోనో ఎత్తుగా గట్టు కట్టిన ట్రాక్‌కి అది. గట్టుంటే కాలు తగులుతుందని ఒకటో లేన్ పిల్ల కాస్త ఎడంగా పరిగెడుతుంది. గట్టు లేకుండా ఉత్త సున్నం గీతే ఉంటే అంచుకి ఇంకా దగ్గరగా పరిగెడుతుంది, ఆ మేరకి దూరం తగ్గుతుంది. అప్పుడు రెండో లేన్‌కి కూడా ఏడు అరవై ఏడే పెట్టాలి. పెట్టకపోతే మిగతా ఏడుగురూ ఒకటో లేన్ పిల్ల కంటే రెండడుగులు ఎక్కువ పరిగెత్తినట్టు.

పోటీలు జరగబోయే కాలేజీ గ్రౌండులో పూర్వం ఇటుక గట్టు ఉండేది. వేసవిలో ఏదో సభ కోసం చదును చేసినప్పుడు పీకేశారని సూర్యకళ విన్నది. ఆయనా వినే ఉంటాడు, వెళ్ళి చూస్తాడు, కళ్ళున్నాయి కదా అనుకుంది. పాలు పొంగాయి. స్టవ్ కట్టేసి, పొయ్యి గట్టు తుడిచి, ఊరుకుంది.

మొదటిరోజు ఉదయం ఏడింటికి వెంకటగిరి చీరలు కట్టుకున్న ఇరవై మంది ఆడ టీచర్లు గేటు దగ్గర పన్నీరు బుడ్లతో నిలబడ్డారు. సూర్యకళ తోరణాలు చూసే నెపంతో ట్రాక్ వైపు నడిచింది. లోపలి అంచున గట్టు లేదు. తెల్లటి సున్నం గీత, దాని పక్కన పీకేసిన ఇటుకల మచ్చలు. రెండో లేన్ మొదలు దగ్గర నిలబడి ఒకటో లేన్ గీత దాకా అడుగులు వేసింది. ఆవిడ అడుగు రెండడుగుల అయిదంగుళాలు, ఇరవై ఏళ్ళుగా మారలేదు. తేడా కాళ్ళకే తెలిసిపోయింది.

చంద్రరావు కొత్త బ్లేజరులో, మెడలో విజిలుతో వేదిక దగ్గర ఉన్నాడు. నిజంగానే బాగుంది ఆయనకి.

"ఏవండీ, రెండో లేన్ స్టాగర్..."

"తర్వాత కళా. ముఖ్య అతిథి కారు మోరంపూడి దాటిందట. బొకేలేవి?"

"ఒక్క నిమిషం వినండి, గట్టు..."

"బొకేలు చూడవోయ్ ముందు."

పక్కన పల్లంరాజు గారు, ఇంకా నలుగురు బ్లేజర్లవాళ్ళు ఉన్నారు. ఆవిడ బొకేల కోసం వెళ్ళింది. వెళ్ళకుండా అక్కడే నిలబడి ఉండాల్సిందని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్కలేదు.

నాగదుర్గ ఆవిడ స్కూలు పిల్ల. పదో తరగతి. తండ్రి గోదావరిలో నావ మీద వల వేస్తాడు, తల్లి చేపలు తట్టలో పెట్టుకుని ధవళేశ్వరం వీధుల్లో అమ్ముతుంది. మూడేళ్ళనుంచి సూర్యకళ ఆ పిల్లని లంక ఇసకలో పరిగెత్తించింది. ఈ పోటీల్లో ఈవెంటుకి మొదట వచ్చిన ఒక్కరికే జాతీయ జట్టులో చోటు. అక్కడికి వెళ్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. వెళ్ళకపోతే చదువు పదితో సరి. తల్లి ఆ సంగతి దాపరికం లేకుండా చెప్పింది. "పిల్లకని తట్ట ఇంకోటి కొనేసేనండి మేడం గారూ. సీటొస్తే నాకే రెండు తట్టలు."

ఉదయం తొలి రౌండు హీట్స్‌లో పిల్లలు సునాయాసంగా నెగ్గుకొచ్చారు. తేడా పైకి రాలేదు. మధ్యాహ్నం రెండున్నరకి నాలుగు వందల మీటర్ల ఫైనల్. నాగదుర్గకి నాలుగో లేన్. ఒకటో లేన్‌లో వేరే జిల్లా పిల్ల, సన్నగా, పొడుగ్గా ఉంది.

సూర్యకళ టోకెన్ల బల్ల వదిలేసి వచ్చి తాడు దగ్గర నిలబడింది. ఆఖరి వంపు తిరిగేటప్పటికి ఇద్దరే మిగిలారు. ఆఖరి పది గజాల్లో నాగదుర్గ నోరు తెరుచుకుని, తల వెనక్కి పడేసి వచ్చింది. ఒకటో లేన్ పిల్ల ఛాతీ రిబ్బనుకి ముందు తగిలింది. అడుగు. మహా అయితే అడుగున్నర.

నాగదుర్గ ఏడవలేదు. గడ్డిలో కూర్చుని ముల్లు గుచ్చుకుందేమోనన్నట్టు తన పాదం తిప్పి చూసుకుంది. "ఎక్కడ తగ్గేనండి మేడం?" అని అడిగింది.

"నువ్వు తగ్గలేదు" అంది సూర్యకళ.

ఫలితం చదివిన అరగంటలోపు జట్టు మేనేజరు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వొచ్చు. సూర్యకళ టోకెన్ల వెనకే రాసింది. గట్టు లేదు, ఏడు సున్నా నాలుగు వేశారు, ఏడు అరవై ఏడు ఉండాలి. రెండు వాక్యాలు. తబిత చదివి పెన్ను మూత తీసింది.

"సార్ వేసిన ట్రాక్ కదా మేడం."

"అవును."

"ఇంటికెళ్ళాక?"

"సంతకం పెట్టమ్మా."

"పెడతాన్లెండి. రేపు నన్ను ఏ మన్యానికో డిప్యుటేషన్ వేస్తే మీ పన్నీరు బుడ్డి ఒకటిచ్చి పంపండి" అని సంతకం పెట్టింది.

అప్పీలు జ్యూరీలో ముగ్గురు పెద్దలు, వేరే జిల్లాల వాళ్ళు. వాళ్ళలో పెద్దాయన, రామకృష్ణ గారని రిటైరైన మాస్టారు. స్టీలు టేపు తెప్పించి తనే వంగుని కొలిచారు. ఏడు సున్నా నాలుగు. లోపలి గీత మీద చెప్పు కాలితో రుద్దారు. సున్నం రాలింది, ఇటుక తగల్లేదు.

"కర్బ్, అదే గట్టు, లేదు. నిజమే" అన్నారు. "ట్రాక్ ఎవరు వేశారండి?"

బ్లేజర్లవాళ్ళందరూ చుట్టూ మూగి ఉన్నారు. పల్లంరాజు గారు చంద్రరావు వైపు చూశారు. చంద్రరావు నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. రాష్ట్ర సంఘం ఎన్నికలు జనవరిలో ఉన్నాయి, సంయుక్త కార్యదర్శికి ఆయన పేరు అనుకుంటున్నారు.

"లెక్కలు మా మిసెస్‌వండి" అన్నాడు. "ఇరవై ఏళ్ళుగా ఆవిడే చూస్తారు. నాది పైపై పర్యవేక్షణ."

రామకృష్ణ గారు తలెత్తారు. "అవునా?"

"మరేనండి" అన్నారు పల్లంరాజు గారు. "ఈ జిల్లాలో ట్రాక్ అంటే మేడం గారేనండి."

"ఆయ్, మేడం గారే. అందరికీ తెలిసిందే కదండి" అన్నాడు వెనకనుంచి ఇంకొకాయన.

ఒకరి తర్వాత ఒకరు తలలూపారు. సూర్యకళ ఆ తలల్ని వరసగా చూసింది. వీళ్ళందరికీ తెలుసన్నమాట. చంద్రరావు అడిగి చేయించుకుంటున్నాడనీ, వీళ్ళని ఆయన నమ్మించాడనీ ఇన్నేళ్ళూ అనుకుంది. ఎవరూ మోసపోలేదు. తెలిసే ట్రాక్ మాస్టారని పిలిచారు, తెలిసే టోకెన్లు చేతికిచ్చారు.

"ఈసారి నేను..." అంటూ నోరు తెరిచింది.

రామకృష్ణ గారు గడియారం చూసుకున్నారు. ఆయన చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. "చూడండమ్మా. మార్కింగ్ చేసినవాళ్ళు పొరపాటు ఒప్పుకుని రాసిస్తే ఇవాళే మళ్ళీ పరిగెత్తిస్తాను. నాది కాదంటే నాది కాదంటే విచారణ రాసి పైకి పంపాలి. ఆ తేలేలోపు జట్టు వెళ్ళిపోతుంది. ఫలితం ఇదే ఉంటుంది. ఎవరు వేశారో మీలో మీరు తేల్చుకోండి, నాకు పది నిమిషాలే ఉంది."

చంద్రరావు ఆవిడ వైపు చూశాడు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆవిడని బతిమాలడం అదే మొదలు. అది కూడా కళ్ళతోనే.

గడ్డి మీద నాగదుర్గ బూట్లు విప్పబోతోంది. తబిత వద్దని చెయ్యి పట్టుకుంది.

సూర్యకళ కాగితం తీసుకుంది. మార్కింగ్‌లో పొరపాటు జరిగిందనీ, బాధ్యత తనదేననీ రాసింది. మొన్న సాయంత్రం పాలు పొంగుతుండగా నోరు మూసుకున్న సంగతి గుర్తొచ్చి, పూర్తిగా అబద్ధం రాయడం లేదులే అనుకుంది. పేరు, హోదా, స్కూలు, సంతకం. ట్రాక్ కాగితాల మీద ఆవిడ పేరు పడడం అదే మొదటిసారి.

"మీ తప్పు మీరే పట్టుకున్నారు. అది మెచ్చుకోవాలి" అన్నారు రామకృష్ణ గారు.

తర్వాత చీర కుచ్చిళ్ళు దోపుకుని ఆవిడే తాడు పట్టుకుంది. బ్లేజర్లకి సున్నం అంటుతుందని ఎవరూ దగ్గరికి రాలేదు. టేపు రెండో కొస తబిత పట్టుకుంది. ఏడు గీతలూ అరవై మూడు సెంటీమీటర్లు ముందుకి జరిపారు. అయిదింటికి మళ్ళీ పరుగు. కాళ్ళు బరువెక్కినా నాగదుర్గ ఒక గజం ముందు తగిలింది. తట్ట తెచ్చుకోకుండా వచ్చిన తల్లి అటూ ఇటూ చూసి, ఎవర్ని పట్టుకోవాలో తెలియక తాడుకట్టిన గుంజని పట్టుకుని నిలబడిపోయింది.

కథ అక్కడ అయిపోయినా సూర్యకళకి పెద్ద బాధ ఉండేది కాదు. పిల్ల వెళ్తోంది, అంతకన్నా ఏం కావాలి అనుకునే మనిషే.

మర్నాడు సాయంత్రం ముగింపు సభలో పల్లంరాజు గారు మైకు పట్టుకున్నారు. "నిన్న ఒక చిన్న సాంకేతిక లోపం జరిగింది. మన కార్యదర్శి చంద్రరావు గారు, సొంత భార్య పొరపాటు అయినా సరే దాచిపెట్టలేదు. నలుగురిలో నిజం చెప్పారు. క్రీడాస్ఫూర్తి అంటే ఇది. వారిని శాలువాతో సత్కరించుకోవడం మన ధర్మం."

చప్పట్లు. శాలువా పళ్ళెం ఆహ్వాన సంఘం దగ్గర ఉంది. సత్కారాలకి పళ్ళెం తీసుకెళ్ళడం కన్వీనర్ పని అని కార్యక్రమం కాగితంలో సూర్యకళే రాసుకుంది. పక్కన తబిత గొంతు తగ్గించి, "ఇటివ్వండి మేడం, నేను తీసుకెళ్తాను. దారిలో కాలు జారుతుంది నాకు" అంది.

"వద్దులే."

ఆవిడే తీసుకెళ్ళింది. మెట్లెక్కి, పళ్ళెం చాపి నిలబడింది. పల్లంరాజు గారు శాలువా విప్పారు. కప్పుతుండగా ఫోటోగ్రాఫరు, "మేడం, కొంచెం పక్కకండి, సార్‌కి అడ్డొస్తున్నారు" అన్నాడు. ఆవిడ పక్కకి జరిగింది. చంద్రరావు ఆవిడ వైపు చూడలేదు. కెమెరా వైపు చూశాడు.

ఆ రాత్రికే సంఘం వాట్సాప్ గ్రూపులో నివేదిక వచ్చింది. అందులో ట్రాక్ మార్కింగ్ ఎదురుగా శ్రీమతి సూర్యకళ అని ఉంది. కింద వరసగా దణ్ణాలు. 'మేడం గారు, పొరపాట్లు మానవ సహజం' అని ఒకాయన. 'ఇంటి పనుల ఒత్తిడిలో జరుగుతుంటాయి' అని ఇంకొకాయన. ఆవిడ ఫోను బోర్లా పెట్టేసింది.

సోమవారం పొద్దున్న చంద్రరావు స్నానం చేసి వచ్చి కంచం ముందు కూర్చున్నాడు. బ్లేజరు కుర్చీ వీపుకి తగిలించి ఉంది. మూడు రోజులుగా ఇద్దరూ ఉప్పు, నీళ్ళు, తాళం తప్ప ఇంకోటి మాట్లాడుకోలేదు. రెండు దోసెలు తిన్నాక ఆయనే మొదలుపెట్టాడు.

"ఇంకా మనసులో పెట్టుకున్నావా? అప్పుడు నా పేరు చెప్పి ఉంటే కార్యదర్శి పదవి ఊడేది. నీకు ఊడేందుకేముంది చెప్పు. ఇంట్లో ఎవరి పేరైతే ఏంటి."

సూర్యకళ పిండి గరిటె తిప్పుతోంది.

"పిల్ల నెగ్గింది కదా. అందరూ నీ గురించి మంచిగానే అనుకున్నారు" అన్నాడు ఆయన, చట్నీ వడ్డించుకుంటూ. "వచ్చే నెల సామర్లకోటలో జోనల్ ఉంది. ఈసారి జాగ్రత్తగా చేద్దాం. పుస్తకం తియ్యి, ఓసారి చూసుకుంటాను."

"రెండో లేన్‌కి ఎంతండి?"

"ఏంటి?"

"రెండో లేన్ స్టాగర్. ఎంత?"

ఆయన దోసె తుంచుకుంటూ, ఆలోచించకుండానే చెప్పాడు. "ఏడు సున్నా నాలుగు."

ఆవిడ పెనం వైపు తిరిగే ఉంది. "సామర్లకోటలో గట్టుందా?"

"ఏం గట్టు?" అన్నాడు చంద్రరావు.

సూర్యకళ వెనక్కి తిరిగి ఆయన్ని చూసింది. ఆయన మొహంలో దొంగతనం లేదు, నటన లేదు. నిజంగానే అడుగుతున్నాడు. టేపు పెట్టి కొలిచినప్పుడు పక్కనే ఉన్నాడు, గీతలు చెరిపినప్పుడు ఉన్నాడు, శాలువా కప్పుకున్నాడు. ఏం తప్పు జరిగిందో మాత్రం ఇప్పటికీ తెలుసుకోలేదు. తెలుసుకోవలసింది ఆయన కాదు కదా.

పొయ్యి మీద వాసన వచ్చింది. దోసె అంచులన్నీ నల్లబడి, మధ్యలో మాడిపోయింది. ఆవిడ అట్లకాడతో గీకి తీసింది. ఎప్పటిలా తన కంచం వైపు వెళ్ళబోయిన చెయ్యి మధ్యలో ఆగింది.

ఆ దోసె తీసుకెళ్ళి ఆయన కంచంలో వేసింది. లెక్కల పుస్తకం టీవీ కింద అరలోంచి తీసి తన స్కూలు సంచీలో పెట్టుకుని, బండి తాళం అందుకుంది.

"ఇదేంటి కళా, మాడిపోయింది" అన్నాడు ఆయన వెనకనుంచి.

ఆవిడ అప్పటికే చెప్పులు వేసుకుంటోంది.